లెక్క ఇంట్లో ఉండాలి: బేస్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

పన్నెండేళ్ల కుర్రాడొకడి వారాంతం ఇలా గడిచిందనుకుందాం. శనివారం ఉదయం లీగ్ జట్టు తరఫున పిచర్‌గా (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడిగా) 62 బంతులు విసిరాడు. సాయంత్రం మరో టోర్నమెంటు జట్టుకు క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనుక బంతి పట్టేవాడిగా, నాలుగు ఇన్నింగ్స్ కూర్చుని, పట్టిన ప్రతి బంతినీ మళ్లీ పిచర్‌కు విసిరాడు. ఆదివారం ప్రత్యేక శిక్షకుడి దగ్గర ఇంకో 40 బంతులు వేశాడు. లీగ్ కోచ్‌ను అడిగితే 62 అంటాడు. అది ఆ వయసుకు, పిల్లల బేస్‌బాల్ నిర్వహించే లిటిల్ లీగ్ సంస్థ విధించిన 85 బంతుల పరిమితికి లోపే. టోర్నమెంటు కోచ్‌ను అడిగితే ఆ పిల్లవాడు తమకు పిచింగే చేయలేదంటాడు. శిక్షకుడు 40 అంటాడు. ముగ్గురూ నిజమే చెప్పారు, కానీ ఆ మోచేయి మోసిన మొత్తం బరువు ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. మూడు చోట్లకూ కారులో దింపి, మళ్లీ ఎక్కించుకుని వచ్చిన తల్లికో తండ్రికో మాత్రమే అది తెలుస్తుంది.

ఈ మార్గదర్శి వారి కోసమే. మీకు బేస్‌బాల్ ఆడిన అనుభవం ఉండనక్కరలేదు, బ్యాట్ ఊపే తీరును మీరు దిద్దనూ అక్కరలేదు. ఆ పని కోచ్ చూసుకుంటాడు. చేయి, నిద్ర, చదువు, డబ్బు, ఉత్సాహం, వీటన్నిటినీ కలిపి ఒకేచోట చూడగలిగినవారు మీరొక్కరే కాబట్టి ఆ చూపునే పనిగా పెట్టుకోవాలి. ఇక్కడ చెప్పిన నియమాలు ప్రధానంగా అమెరికాలోనివి. పిల్లల బేస్‌బాల్‌కు వయసువారీ నియమాలు అక్కడ బాగా విస్తరించి ఉన్నాయి.

మొదటి మెట్టు: కల ఎవరిదో తేల్చుకోండి

ఎనిమిదేళ్ల పిల్లలు ఈ వారం మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి వృత్తి బేస్‌బాల్) ఆటగాళ్లమవుతామంటారు, వచ్చే వారం అగ్నిమాపక దళంలో చేరతామంటారు. ఆ మాటను పట్టుకుని ఇంటి ప్రణాళిక వేసుకోకూడదు. పిల్లల మనసు తెలియాలంటే వారు చెప్పేదానికంటే చేసేదాన్ని గమనించాలి. ఎవరూ చెప్పకుండానే గోడకు బంతి విసిరి పట్టుకుంటున్నారా? వర్షం వల్ల ఆట రద్దయిందని తెలిసిన క్షణంలో ముఖంలో కనిపించింది నిరాశా, ఊరటా? ఒకసారి ఊరట కనిపిస్తే అది అలసట కావచ్చు; సీజనంతా అదే కనిపిస్తూ ఉంటే కల ఇంట్లో మరెవరిదో అయి ఉంటుంది.

ఆశయాన్ని కాగితం మీద పెట్టడానికి మంచి నమూనా జపాన్‌కు చెందిన మేజర్ లీగ్ తార షోహెయ్ ఒహ్తాని జీవితంలో ఉంది. చిన్నప్పుడు అతని తండ్రే అతనికి కోచ్. ఆట గురించి తండ్రీ కొడుకులు ఒక నోటుపుస్తకంలో ఒకరికొకరు రాసుకునేవారు. హనమకి హిగాషి హైస్కూల్‌లో చేరిన తొలి ఏడాది అతను గళ్లుగళ్లుగా ఒక లక్ష్యాల పట్టిక నింపాడు. ఎనిమిది వృత్తి జట్లు తనను తొలి ఎంపికగా కోరుకోవాలన్న లక్ష్యం నడిమి గడిలో ఉంటే, గంటకు 160 కిలోమీటర్ల వేగం, బంతిపై అదుపు, శరీర దారుఢ్యంతో పాటు 'అదృష్టం' అనే అంశమూ దాని చుట్టూ ఉన్నాయి. ఆ అదృష్టం కింద అతను రాసుకున్న పనుల్లో చెత్త ఏరడం, గది శుభ్రం చేయడం, ఆట సామగ్రిని జాగ్రత్తగా చూసుకోవడం, అంపైర్లతో మర్యాదగా ఉండడం కనిపిస్తాయి. ఆ పట్టికను నింపింది పిల్లవాడేనన్న సంగతి ఇక్కడ ముఖ్యం. సీజన్ మొదట్లో మీ అమ్మాయికో అబ్బాయికో ఒక కాగితం ఇచ్చి, ఈ ఏడాది నేర్చుకోదలచిన మూడు విషయాలను సొంత దస్తూరీతో రాయమనండి. వాటిలో ఒక్కటైనా గెలుపోటములతో సంబంధం లేనిదై ఉండాలి. కలం మాత్రం మీరు పట్టుకోవద్దు.

రెండో మెట్టు: వయసుకు తగిన మైదానం, చేతికి తగిన సామగ్రి

పెద్దల మైదానంలో బేస్‌ల (పరుగు కోసం తాకే మజిలీల) మధ్య దూరం 90 అడుగులు, పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. పన్నెండేళ్ల వరకు ఆడే లిటిల్ లీగ్ మైదానంలో అవి 60, 46 అడుగులకు తగ్గుతాయి. ఈ రెంటికీ నడుమ 70, 50 అడుగుల మైదానం కూడా ఉంది. కాస్త బాగా ఆడుతున్నాడని పదేళ్లవాణ్ని పెద్ద మైదానంలోకి నెడితే, బంతిని అంత దూరం చేర్చే ప్రయత్నంలో విసిరే తీరు చెడిపోతుంది. అలా చెడిన తీరును సరిదిద్దడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

బ్యాట్ కొనేటప్పుడు బరువును చూడండి, బొమ్మలను కాదు. పిల్లవాడు బలం తక్కువగా ఉన్న చేత్తో బ్యాట్ పిడిని పట్టుకుని, చేతిని పక్కకు చాచి, అర నిమిషంపాటు దించకుండా నిలబడగలగాలి. ఆలోపే బ్యాట్ కొన వాలిపోతే అది బరువైనదని అర్థం. అమెరికాలో పిల్లల లీగ్‌లు చాలావాటిలో 2018 నుంచి జాతీయ సంస్థ యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్న బ్యాట్లే చెల్లుతాయి. హైస్కూల్‌కు వచ్చేసరికి చెక్కవి కాని బ్యాట్లకు బీబీకోర్ (బ్యాట్ నుంచి బంతి ఎగిరే వేగానికి హద్దు పెట్టే ప్రమాణం) ముద్ర తప్పనిసరి. అక్కడ బ్యాట్ పొడవు అంగుళాల్లో ఎంతో, బరువు ఔన్సుల్లో అంతకంటే మూడుకు మించి తగ్గకూడదు. లీగ్ నియమాలు చదవకుండా ఖరీదైన బ్యాట్ కొని, మొదటి ఆటలోనే అంపైర్ దాన్ని పక్కన పెట్టించిన సంఘటనలు ప్రతి సీజన్‌లోనూ జరుగుతాయి.

గ్లవ్ పెద్దదైతే 'పెరిగాక సరిపోతుంది' అనుకోవడం పొరపాటు. ఒంటి చేత్తో మూయలేని గ్లవ్‌లోంచి బంతి జారిపోతుంది, జారిన ప్రతిసారీ బంతి అంటే భయం కొంచెం పెరుగుతుంది. హెల్మెట్, క్యాచర్ రక్షణ కవచాల విషయంలో మాత్రం పొదుపు వద్దు. భద్రతా ప్రమాణాల ముద్ర చూసి, పగుళ్లు లేనివే వాడాలి.

మూడో మెట్టు: చేతి లెక్క పుస్తకం

ఈ మార్గదర్శిలో ఒకే ఒక్క సలహా పాటించే ఓపిక ఉంటే ఇదే పాటించండి. ఒక చిన్న నోటుపుస్తకం, బంతి బంతికీ నొక్కే లెక్క మీట ఒకటి దగ్గర ఉంచుకోండి. విసిరిన ప్రతి రోజుకూ ఒక వరుస రాయాలి: తేదీ, ఎక్కడ విసిరారు, ఎన్ని బంతులు, క్యాచర్‌గా ఎన్ని ఇన్నింగ్స్, చేయి ఎలా ఉందని పిల్లలు చెప్పారు. చివరి గడిలో వారి మాటనే రాయండి. 'శనివారం, లీగ్ ఆట, 62 బంతులు, క్యాచర్ లేదు, లోపలి వైపు బిగుసుకున్నట్టు ఉంది' అన్న ఒక్క వరుస నెల తర్వాత వైద్యునికి ఎంతో చెబుతుంది.

ఇప్పుడు ఆ పుస్తకాన్ని నియమాల పక్కన పెట్టి చూడాలి. లిటిల్ లీగ్‌లో ఒక రోజుకు గరిష్ఠ పరిమితి 7, 8 ఏళ్లవారికి 50 బంతులు, 9, 10 ఏళ్లవారికి 75, 11, 12 ఏళ్లవారికి 85, 13 నుంచి 16 ఏళ్లవారికి 95. విశ్రాంతి లెక్క దీనికంటే ముఖ్యమైనది. పద్నాలుగేళ్లలోపు పిల్లలు 66 లేక అంతకంటే ఎక్కువ బంతులు విసిరితే నాలుగు రోజులు, 51 నుంచి 65 అయితే మూడు రోజులు, 36 నుంచి 50 అయితే రెండు రోజులు, 21 నుంచి 35 అయితే ఒక రోజు పిచింగ్‌కు దూరంగా ఉండాలి. 41 బంతులు విసిరిన పిచర్ ఆ రోజు ఇక క్యాచర్‌గా దిగకూడదు. మొదట చెప్పిన కుర్రాడి వారాంతాన్ని ఈ నియమాలతో పోల్చండి: 62 బంతుల తర్వాత సాయంత్రం క్యాచర్‌గా కూర్చోకూడదు, మూడు రోజుల విశ్రాంతి అవసరమైన చేయి మరునాడే 40 బంతులు వేయకూడదు. అయినా ఏ లీగూ పట్టుకోలేదు, ఎందుకంటే ఏ లీగ్ నియమమైనా దాని కంచె లోపలే పనిచేస్తుంది.

ఇంకో మెలిక ఉంది. నియమం లెక్కించేది ఆటలో బ్యాటర్‌కు వేసిన బంతులనే. ఇన్నింగ్స్‌కు ముందు వేసే సన్నాహక బంతులు, పిచర్లు సిద్ధమయ్యే బుల్‌పెన్‌లో వేసినవి, రెండో, మూడో బేస్‌ల నడుమ ఫీల్డర్ అయిన షార్ట్‌స్టాప్‌గా విసిరినవి, పెరట్లో తమ్ముడికి వేసినవి ఆ లెక్కలోకి రావు, కానీ మోచేతికి అవన్నీ విసుర్లే. మీ పుస్తకంలో వాటికీ చోటుండాలి. కచ్చితమైన సంఖ్య దొరకకపోతే సుమారుగా రాసినా చాలు.

ఏడాది మొత్తానికీ ఒక హద్దు గీయాలి. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో ప్రకటించిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 9 నుంచి 12 ఏళ్లవారు పన్నెండు నెలల్లో 80 ఇన్నింగ్స్‌కు, 13, 14 ఏళ్లవారు 100 ఇన్నింగ్స్‌కు మించి పిచ్ చేయకూడదు. ఏటా కనీసం నాలుగు నెలలు పిచింగ్ మానాలి, అందులో రెండు మూడు నెలలు వరుసగా, చేయి పైకెత్తి విసిరే పనే లేకుండా గడపాలి. ఇవి ఊరికే పెట్టిన అంకెలు కావు. 9 నుంచి 14 ఏళ్ల పిచర్లు 481 మందిని పదేళ్లపాటు గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి 100 ఇన్నింగ్స్ దాటినవారికి తీవ్ర గాయాల ముప్పు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. 2006లో వచ్చిన మరో అధ్యయనం, చేయి అలసిపోయినా తరచుగా విసిరిన కౌమార పిచర్లకు శస్త్రచికిత్స దాకా వెళ్లే ముప్పు 36 రెట్లని చెప్పింది. ఈ రెండో అంకె దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. అలసిన చేతిని ఆపగలిగితే పెద్ద ప్రమాదాన్ని ఆపినట్టే, దానికి డబ్బు ఖర్చు లేదు.

కర్వ్‌బాల్ (గాలిలో వంగే బంతి) ఎప్పుడు నేర్పాలన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. పన్నెండేళ్ల వరకు ఫాస్ట్‌బాల్ (వేగమైన బంతి), ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లాగే విసిరినా నెమ్మదిగా వచ్చే బంతి) చాలు. ఆ రెండింటినీ నిలకడగా వేయగలిగాక, 13, 14 ఏళ్ల వయసులో వంపు బంతుల జోలికి వెళ్లవచ్చు. వంపు బంతి పన్నెండేళ్ల బ్యాటర్లను తికమక పెట్టి ట్రోఫీ తెచ్చిపెడుతుంది కనుకనే కొందరు కోచ్‌లు తొందరపడతారు. ఆ ట్రోఫీతో పిల్లవాడి పదహారో ఏట ఎవరికీ పనుండదు.

నాలుగో మెట్టు: 'నొప్పి' అనే మాటకు ఇంట్లో శిక్ష ఉండకూడదు

పిల్లలు నొప్పిని దాస్తారు, ఎందుకంటే చెబితే ఆడనివ్వరు. అందుకే మాట కంటే ముందు ఒళ్లు చెప్పే సంగతులను చదవడం నేర్చుకోవాలి. విసిరిన వెంటనే చేతిని విదిలించుకోవడం, జట్టు బల్లలుండే డగౌట్‌లో కూర్చుని రెండో చేత్తో మోచేతి లోపలి ఎముకను ఒత్తుకోవడం, మోచేయి భుజం కంటే కిందికి జారిపోవడం, మామూలుగా మోకాళ్ల ఎత్తులో పడే బంతులు ఉన్నట్టుండి పైకి లేస్తుండడం, చేయి పూర్తిగా చాచలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు పిచింగ్ ముగిసినట్టే.

కండరం అలసి నొప్పెడితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కీలు దగ్గర, ముఖ్యంగా మోచేతి లోపలి వైపు వచ్చే నొప్పి వేరు. ఎదిగే వయసులో ఎముక చివరనున్న మెత్తటి పెరుగుదల భాగం స్నాయువు కంటే బలహీనంగా ఉంటుంది. పదేపదే విసిరితే ముందుగా దెబ్బతినేది అదే. 'లిటిల్ లీగ్ ఎల్బో' అని పిలిచే ఈ సమస్యను తొలిదశలో గుర్తిస్తే కొన్ని వారాల విశ్రాంతితో సరిపోవచ్చు. నొప్పి మాత్ర వేసి ఆడించడం అన్నిటికంటే చెడ్డ పని; మాత్ర నొప్పిని ఆపుతుంది గాని గాయాన్ని ఆపదు. పిల్లల క్రీడా గాయాలు చూసే ఎముకల వైద్యునికి చూపించి, ఆయన ఒప్పుకున్నాకే బంతి పట్టించాలి.

టామీ జాన్ శస్త్రచికిత్స గురించి ఒక అపోహ ప్రచారంలో ఉంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ డాడ్జర్స్ జట్టు పిచర్ టామీ జాన్ మోచేతికి తొలిసారి ఈ చికిత్స చేశారు. అతను 1976లో మళ్లీ మైదానంలోకి వచ్చి ఎన్నో ఏళ్లు ఆడాడు. దాంతో ఆ చికిత్స చేయించుకుంటే బంతి వేగం పెరుగుతుందని నమ్మేవారు తయారయ్యారు. అది తెగిన స్నాయువును మరమ్మతు చేసే పనే తప్ప వేగాన్ని కొనుక్కునే దారి కాదు, కోలుకోవడానికి ఏడాదికి పైగానే పడుతుంది. ఈ చికిత్స పొంది ఆట దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరిన తొలి పిచర్ జాన్ స్మోల్ట్జ్, 2015లో ఆ గౌరవం అందుకున్న ప్రసంగంలోనే తల్లిదండ్రులను ఉద్దేశించి, పిల్లలకు బేస్‌బాల్ ఏడాది పొడవునా ఆడే ఆట కాదని, వారిని ఇతర ఆటలు కూడా ఆడనివ్వాలని కోరాడు.

ఐదో మెట్టు: ఇతర ఆటలు, నిద్ర

స్మోల్ట్జ్ మాటకు శాస్త్ర సమ్మతి కూడా ఉంది. ఒకే ఆటకు పరిమితం కావడాన్ని 15, 16 ఏళ్ల వరకు వాయిదా వేయడం మేలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచించింది. ఒహ్తాని చిన్నప్పుడు ఈత కూడా నేర్చాడు. బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, ఈత ఏదైనా ఫర్వాలేదు. కాళ్లకు చురుకుదనం, చేతికి విశ్రాంతి ఒకేసారి దొరుకుతాయి. వారానికి ఆటకు వెచ్చించే గంటలు పిల్లల వయసు అంకెను దాటకుండా చూసుకోవడం సులువైన కొలత. నిద్ర 12 ఏళ్ల వరకు రోజుకు 9 నుంచి 12 గంటలు, ఆపైన 8 నుంచి 10 గంటలు ఉండాలి. తెల్లవారుజామున బయలుదేరే టోర్నమెంట్లు ముందుగా హరించేది ఈ నిద్రనే.

ఆరో మెట్టు: కారులో మౌనం, కోచ్‌తో మాట

ఆట ముగిశాక ఇంటికి వెళ్లే ఇరవై నిమిషాలు చాలా ఇళ్లలో సీజన్‌ను పాడుచేస్తాయి. మూడుసార్లు స్ట్రయికవుట్ అయిన (బంతిని కొట్టలేక ఔటైన) పిల్లవాడికి ఆ సంగతి తెలుసు. వెనుక సీటులో బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చున్నవాడికి 'ఆ మూడో బంతిని ఎందుకు వదిలేశావు' అన్న ప్రశ్న కొత్తగా ఏమీ నేర్పదు. ఏం తింటావని అడగండి. ఆట గురించి వాడే మొదలుపెడితే వినండి. 1941లో .406 సగటుతో ఆడిన ప్రసిద్ధ బ్యాటర్ టెడ్ విలియమ్స్ కూడా పదిసార్లు బ్యాట్ పడితే దాదాపు ఆరుసార్లు వెనుదిరిగాడు. పదింట మూడుసార్లు సఫలమైనవారిని గొప్ప బ్యాటర్లుగా లెక్కించే ఆట ఇది. ఓటమిని మామూలు సంగతిగా చూడడం ఇంట్లో అలవాటు కాకపోతే డగౌట్‌లో అలవాటు కాదు.

కోచ్‌తో మాట్లాడవలసి వస్తే ఆట అయిన వెంటనే కాకుండా ఒక రోజు ఆగి మాట్లాడండి. మీ పిల్లల చేయి, ప్రవర్తన, నేర్చుకోవలసిన అంశాల గురించి అడగడం మీ హక్కు. పక్కింటి పిల్లవాడు ఎందుకు షార్ట్‌స్టాప్ ఆడుతున్నాడన్నది మీకు అనవసరం. 13 ఏళ్లు దాటాక తనకు ఎక్కువ అవకాశం రావాలంటే ఏం చేయాలన్న ప్రశ్నను పిల్లలే స్వయంగా అడగాలి. మీరు ఇంట్లో ఒకసారి ఆ సంభాషణను అభ్యాసం చేయించవచ్చు. ప్రత్యేక శిక్షణ మాత్రం ఎప్పుడూ ఇతరులకు కనిపించే చోటే జరగాలి. తలుపు మూసిన గదిలో ఒక్కరికే శిక్షణ ఇస్తానన్నవారు ఎంత పేరున్నవారైనా వద్దని చెప్పాలి.

ఏడో మెట్టు: ట్రావెల్ జట్లు, షోకేస్‌లు, ఖర్చు

ఊళ్లు తిరిగి ఆడే జట్టులో చేర్చే ముందు నాలుగు ప్రశ్నలకు జవాబులు రాబట్టండి: ఏడాదికి మొత్తం ఎన్ని ఆటలు, బంతుల లెక్క ఎవరు రాస్తారు, మరో జట్టుకు ఆడిన బంతులను ఆ లెక్కలో కలుపుతారా, గాయమైతే కట్టిన డబ్బు సంగతి ఏమిటి. మూడో ప్రశ్నకు కోచ్ తడబడితే నాలుగోది అడగనక్కరలేదు. రుసుము ఒక్కటే ఖర్చు కాదు. హోటళ్లు, పెట్రోలు, ఇంట్లో మిగతా పిల్లలు వదులుకున్న వారాంతాలు కూడా లెక్కలో వేయాలి. అప్పు చేసి ఆడిస్తే ఆ బరువు పిల్లవాడి భుజం మీద పడుతుంది, ప్రతి స్ట్రయికవుట్ ఒక వాయిదాలా తోస్తుంది.

షోకేస్‌లు ఎంపికదారులకు కనిపించే వేదికలు. హైస్కూల్ మధ్య తరగతులకు రాకముందు వాటివల్ల ఒరిగేది తక్కువ. వేగాన్ని కొలిచే రాడార్ తుపాకీ ఎదురుగా ఉందంటే పిల్లలు శక్తికి మించి విసురుతారు. విశ్రాంతి నెలల మధ్యలో, సన్నాహం లేని చేతితో అలాంటి చోటికి వెళ్లడం నేను సమర్థించలేను.

ఎంపిక కానంత మాత్రాన దారి మూసుకుపోదు. ఐదున్నర అడుగుల హోసే అల్తువేను వెనెజువెలాలో జరిగిన ఎంపిక శిబిరంలో పొట్టిగా ఉన్నాడని పంపించేశారు. తండ్రి మరునాడు మళ్లీ వెళ్లమన్నాడు. అతను వెళ్లాడు, 15,000 డాలర్లకు ఒప్పందం దొరికింది, 2017లో మేజర్ లీగ్ రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఆ తండ్రి నిర్వాహకులతో గొడవకు దిగలేదు, కొడుకును మళ్లీ గేటు దాకా పంపాడు.

ఎనిమిదో మెట్టు: హైస్కూల్ తర్వాతి దారులు

హైస్కూల్‌లో బేస్‌బాల్ ఆడేవారిలో ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడల సంఘం) కళాశాల జట్లకు చేరేవారు నూటికి సుమారు ఏడుగురు. ఈ అంకెను పిల్లలకు దాచవద్దు, బెదిరింపుగానూ వాడవద్దు. దాని అగ్రశ్రేణి అయిన డివిజన్-1లో ఆడాలంటే హైస్కూల్‌లో నిర్దేశిత ప్రధాన పాఠ్యాంశాలు 16 పూర్తిచేయాలి, వాటిలో కనీసం 2.3 గ్రేడ్ సగటు ఉండాలి. 16లో పది చివరి సంవత్సరం మొదలయ్యేలోపే ముగియాలి. అంటే తొమ్మిదో తరగతిలో ఎంచుకునే పాఠ్యాంశాలే దీన్ని నిర్ణయిస్తాయి. డివిజన్-1 కోచ్‌లు పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 వరకు విద్యార్థితో ఎంపిక గురించి నేరుగా మాట్లాడకూడదు. అంతకుముందే హామీలిచ్చేవారి మాట నమ్మకండి.

డబ్బు విషయంలో ఆశ అదుపులో ఉండాలి. 2024-25 వరకు ఒక డివిజన్-1 జట్టు మొత్తానికి అనుమతించినవి 11.7 స్కాలర్‌షిప్‌లే, వాటిని రెండు డజన్లకు పైగా ఆటగాళ్లకు ముక్కలుగా పంచేవారు. 2025-26 నుంచి, ఎన్‌సీఏఏపై దావాను ముగించిన కొత్త ఒప్పందంలో చేరిన కళాశాలలకు ఆ పరిమితి పోయి, జట్టులో 34 మంది అన్న హద్దు వచ్చింది. డివిజన్-3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, కానీ చదువులో ప్రతిభకు సహాయం దొరుకుతుంది. మంచి మార్కులున్న ఆటగాడికి తలుపులు ఎక్కువ తెరుచుకోవడానికి ఇదొక కారణం.

మేజర్ లీగ్ డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ) 2021 నుంచి 20 రౌండ్లకు కుదించబడింది. హైస్కూల్ ముగించినవారు అర్హులే. కానీ ఒప్పందం చేసుకోకుండా నాలుగేళ్ల కళాశాలలో చేరితే మళ్లీ అర్హత రావడానికి మూడో సంవత్సరం ముగియాలి లేదా 21 ఏళ్లు నిండాలి. రెండేళ్ల జూనియర్ కళాశాలలో చేరినవారికి ఈ ఎదురుచూపు లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో ఈ ఎంపికలను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు బోనస్ మొత్తాన్ని మాత్రమే కాక, మేజర్ లీగ్‌కు దిగువన ఉండే మైనర్ లీగ్‌లలో గడపవలసిన ఏళ్లనూ, ఆట ఆగిపోతే చదువుకు తిరిగి వచ్చే దారినీ కలిపి చూడాలి.

ఇక ఆ నోటుపుస్తకం సంగతి. పదిహేనో ఏట పుట్టినరోజు దాటాక దాన్ని పిల్లల చేతికే ఇవ్వండి. కోచ్ మరో ఇన్నింగ్స్ వేయమన్నప్పుడు, పుస్తకం తెరిచి 'మంగళవారం 70 వేశాను, ఈ రోజు వేయలేను' అని తమంతట తామే చెప్పడానికి మొదట్లో జంకుతారు. ఒకటి రెండుసార్లు మీరు పక్కన నిలబడవలసి వస్తుంది.